ఏడు కిలోల్లో నాలుగు నెలలు

వీపున బ్యాగు తగిలించుకుని నెలల తరబడి దేశాలు తిరగాలనుకునేవాళ్ల ఉత్తరాలు ఈమధ్య బాగా పెరిగాయి. వీసాల గురించీ డబ్బు గురించీ అడిగేవాళ్లు తక్కువ, సామాను గురించి అడిగేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ సంచిక శీర్షికంతా దానికే కేటాయించాం.

ప్రశ్న: డిసెంబరు మొదటి వారంలో నేనూ, నా స్నేహితుడూ హైదరాబాద్ నుంచి బయల్దేరి థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా తిరిగి మార్చి చివర్లో రావాలనుకుంటున్నాం. 65 లీటర్ల బ్యాగు చూస్తే, నాలుగు నెలలకు అదీ చాలదంటున్నాడు షాపతను. నిజమేనా? – కరీంనగర్

జవాబు: చాలకపోవడం అటుంచండి, అందులో సగం ఖాళీగా ఉండాలి. ఎన్ని బట్టలు కావాలో తేల్చేది మీరు ఎన్ని రోజులకోసారి ఉతుక్కుంటారన్న లెక్క. నాలుగైదు రోజులకోసారి ఉతుక్కునేవాడికి నెలకైనా ఏడాదికైనా అవే బట్టలు సరిపోతాయి. 65 లీటర్ల బ్యాగుతో వచ్చే చిక్కేమిటంటే, ఖాళీ కనిపించినకొద్దీ ‘ఉంటే మంచిదేగా’ అని ఏదో ఒకటి కుక్కుతాం. చూస్తూ చూస్తూ 14, 15 కిలోలవుతుంది. 35 నుంచి 40 లీటర్ల మధ్యది కొనండి.

ఇంకో కారణం కూడా ఉంది. మీ దారిలో తగిలే ఎయిర్ ఏషియా, వియెట్‌జెట్ లాంటి చవక విమానాల్లో మామూలు టికెట్టు మీద క్యాబిన్‌లోకి తీసుకెళ్లనిచ్చేది మొత్తం 7 కిలోలే. పెద్ద బ్యాగు 56×36×23 సెంటీమీటర్లు దాటకూడదు. చేతిలో ఇంకో చిన్న సంచి ఉంటే రెండూ కలిపి కాటా మీద పెట్టమంటారు. ఎక్కిన ప్రతి విమానానికీ విడిగా లగేజీ కొంటూ పోతే నాలుగు నెలల్లో ఆ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

వంటింటి కాటా మీద ఒక్కో వస్తువూ తూచి కాగితం మీద రాసుకోండి. సుమారుగా ఇలా వస్తుంది. ఖాళీ బ్యాగు 1,200 గ్రాములు. ఒంటి మీదవి కాక మూడు టీషర్టులు (ఒక్కోటి 150), పల్చటి ఫుల్ హ్యాండ్స్ చొక్కా (180), ఒక ప్యాంటు (300), ఒక నిక్కరు (150), నాలుగు డ్రాయర్లు (240), మూడు జతల సాక్సులు (150), ఫ్లీస్ అనే తేలికపాటి వెచ్చటి పైచొక్కా (300), రెయిన్ జాకెట్ (250), లుంగీ (250), తుండు (120). బట్టలన్నీ కలిపి 2,390. రబ్బరు చెప్పులు 250. సబ్బు, బ్రష్షు, పేస్టు, గడ్డం సామాను 400. మందులు 200. పవర్ బ్యాంకు, చార్జరు, వైర్లు, ఇయర్‌ఫోన్లు, తలకు కట్టుకునే లైటు కలిపి 570. కాగితాలు, తాళం, బట్టలారేసుకునే తాడు, మడిచి పెట్టుకునే చేతిసంచి లాంటి చిల్లర సామాను 350. అంతా కూడితే 5,360 గ్రాములు. ల్యాప్‌టాప్ లేకుండా కుదరదనుకుంటే 1.3 కిలోలది పెట్టుకున్నా 6.66 కిలోల దగ్గర ఆగుతారు.

లుంగీ, తుండు అంటే నవ్వుకోకండి. ట్రెక్కింగ్ షాపుల్లో ‘క్విక్ డ్రై’ పేరుతో బోలెడు ధర పెట్టి అమ్మే మైక్రోఫైబర్ తువ్వాలు చేసే పనే మన పల్చటి నూలు తుండూ చేస్తుంది. ఫ్యాను కింద రెండు గంటల్లో ఆరుతుంది. టర్కీ టవలు మాత్రం వద్దు. అది అరకిలో ఉంటుంది, తడిస్తే మోయలేరు. ఇక లుంగీ అంటారా, ప్రయాణికులు దిగే హాస్టల్లో కింది మంచం దొరికితే పైమంచం పరుపు కింద అంచు దోపి తెరలా వేలాడదీసుకోవచ్చు, దుప్పటి శుభ్రంగా లేదనిపిస్తే పక్కమీద పరుచుకోవచ్చు, రాత్రి బస్సుల్లో ఏసీ విపరీతంగా పెట్టినప్పుడు కప్పుకోవచ్చు.

జీన్స్ తీసుకెళ్లొద్దు. ఒక్కటే 700 గ్రాములుంటుంది, తడిస్తే రెండు రోజులైనా ఆరదు. నైలాన్ కలిసిన పల్చటి ప్యాంటు రాత్రి ఉతికితే తెల్లారేసరికి వేసుకోవచ్చు.

చలి మాటేమిటంటారేమో. డిసెంబరు, జనవరుల్లో వియత్నాం ఉత్తరాన హా జియాంగ్, సాపా కొండల్లో రాత్రిళ్లు 10 డిగ్రీల కిందికి పడిపోతుంది. బైకు మీద వెళ్తుంటే గాలికి ఇంకా కొరుకుతుంది. ఆ నాలుగు రోజుల కోసం నాలుగు నెలలు లావు కోటు మోయడం దండగ. టీషర్టు, దాని మీద ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ఫ్లీస్, అన్నిటికీ పైన గాలి చొరబడని రెయిన్ జాకెట్ – నాలుగూ ఒకేసారి వేసేయండి. చేతి తొడుగులు, మఫ్లరు అక్కడి సంతలోనే కొనుక్కుని, కొండ దిగాక ఎవరికైనా ఇచ్చేయండి.

ఇద్దరు వెళ్తున్నారు కాబట్టి రెండు మూడు పోర్టులున్న చార్జరు ఒకటే చాలు. మందుల పొట్లం, తాడు, గోళ్ల కత్తెర, సూదీ దారం కూడా ఒక్కొక్కటే. ఈ లెక్కల్లోనే తలా 300 గ్రాముల దాకా తగ్గుతుంది.

ప్రశ్న: 40 లీటర్ల బ్యాగు ఆన్‌లైన్‌లో కొన్నాను. 8 కిలోలు నింపి బీచ్ రోడ్డులో రెండు గంటలు నడిస్తే మెడ, భుజాలు పట్టేశాయి. బరువు ఎక్కువైందా, బ్యాగే మంచిది కాదా? – విశాఖపట్నం

జవాబు: బయల్దేరకముందే మోసి చూడటం మంచి పని. పెద్దవాళ్లకు 8 కిలోలు మెడ పట్టేసేంత బరువేమీ కాదు. బ్యాగు మీ వీపు పొడవుకు సరిపోయి ఉండదు, లేదా పట్టీలు బిగించే వరుస తప్పి ఉంటుంది.

వీపు కొలత తీసుకోవడానికి ఇంకొకరి సాయం కావాలి. తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక ఎముక ఉబ్బెత్తుగా తగులుతుంది. అది పై గుర్తు. రెండు చేతులూ నడుం మీద వేసి తుంటి ఎముకల పైఅంచు మీద ఆనించండి, బొటనవేళ్లు వెనక్కి ఉండాలి. వెన్ను మీద ఆ రెండు వేళ్ల మధ్య వచ్చేది కింది గుర్తు. టేపుతో వెన్నువంపు వెంబడే రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. ఎత్తు మీద ఆధారపడి కొంటే పొరపాటు జరిగేది ఇక్కడే. అయిదున్నర అడుగుల మనుషులు ఇద్దరున్నా ఒకరికి కాళ్లు పొడుగు, ఒకరికి వీపు పొడుగు. బ్యాగు మీది ఎస్, ఎం, ఎల్ సైజులు ఈ వీపు కొలతకు సంబంధించినవే. కంపెనీని బట్టి మారతాయి కాబట్టి వాళ్ల పట్టికతో సరిచూసుకోండి.

ఇక తగిలించుకునే పద్ధతి. పట్టీలన్నీ పూర్తిగా వదులు చేసి బ్యాగు ఎత్తుకోండి. మొదట నడుం పట్టీ: దాని మధ్యభాగం సరిగ్గా తుంటి ఎముకల మీదకు రావాలి. పొట్ట మీద కట్టుకుంటే బరువు ఆనదు, పైగా ఊపిరాడదు. అది బిగించాకే భుజం పట్టీలు లాగండి. అవి భుజాన్ని అంటిపెట్టుకుంటే చాలు, కిందికి గుంజకూడదు. తర్వాత భుజం పైనుంచి బ్యాగు నెత్తికి వెళ్లే చిన్న పట్టీలు. వీటిని సుమారు 45 డిగ్రీల ఏటవాలు వచ్చేదాకా లాగితే బ్యాగు వెనక్కి వాలకుండా వీపుకు దగ్గరవుతుంది. చివర్లో ఛాతీ పట్టీ, కాలర్ ఎముకకు కాస్త కింద. మీరు ముందు భుజాలు బిగించి తర్వాత నడుం పట్టీ పెట్టుకుని ఉంటే 8 కిలోలూ మెడ మీదే పడ్డాయన్నమాట.

మీ బ్యాగుకు నడుం పట్టీ పేరుకు ఒక పల్చటి నాడా మాత్రమే ఉంటే అది బరువు మోయదు, బ్యాగు ఊగకుండా పట్టుకుంటుందంతే. అలాంటిదైతే తిరిగి పంపించేయండి.

సర్దడంలోనూ ఒక వరుస ఉంది. బరువైనవి – ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు, సబ్బుల సంచి – వీపును ఆనుకుని మధ్య ఎత్తులో ఉండాలి. అడుగున బట్టలు, బయటి వైపు తేలికవి. బరువు బయటి జేబులో పెడితే బ్యాగు వెనక్కి లాగుతుంది, దాన్ని ఆపడానికి మీరు ముందుకు వంగి నడుస్తారు, మెడ పట్టేస్తుంది.

వాన తొడుగు గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. బ్యాగు మీద వేసే తొడుగు వీపు వైపు నీళ్లను ఆపదు, గాలికి ఎగిరిపోతుంది కూడా. మందపాటి పాలిథిన్ సంచి బ్యాగు లోపల పరిచి, సామానంతా అందులో పెట్టి మూతి మెలితిప్పితే జడివానలోనూ బట్టలు పొడిగా ఉంటాయి.

ప్రశ్న: మా అమ్మాయి అయిదు నెలలు ఐరోపా వెళ్తోంది. చిన్న బ్యాగు చూపించి ఇదే నా సామాను అంటోంది! ఆవకాయ, నెయ్యి, పాలకోవా, చిన్న రైస్ కుక్కర్ పెడదామంటే ఒప్పుకోవడం లేదు. ఊరుగాని ఊళ్లో తిండికి ఇబ్బంది పడదా? – ఓ తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఈసారికి అమ్మాయి మాటే వినండి. నెయ్యి, కోవా విషయంలో అయితే ఆమె ఇష్టాయిష్టాలతో కూడా పనిలేదు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. దొరికితే తీసి పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. ఆవకాయ మీద అలాంటి నిషేధం లేదు గానీ, చెక్-ఇన్ లగేజీ లేకుండా వెళ్లేవాళ్లకు అదీ కుదరదు. నూనె తేలే పచ్చడిని సెక్యూరిటీ వాళ్లు ద్రవం కిందే జమకడతారు, 100 మిల్లీలీటర్ల సీసా దాటితే ఆపేస్తారు. ఆ సీసాలన్నీ పట్టాల్సింది ఒక లీటరు పారదర్శక సంచిలో. అందులోనే పేస్టూ, క్రీమూ, కొబ్బరినూనే కూడా ఉండాలి.

రైస్ కుక్కర్ ఎంత చిన్నదైనా కిలో పైమాటే. చాలా హాస్టళ్లలో వంటగది, గిన్నెలు, పొయ్యి ఉంటాయి, గదిలో ప్లగ్గు పెట్టి వండటం మాత్రం దాదాపు ఎక్కడా ఒప్పుకోరు.

మీరు చేసి పెట్టాల్సింది పొడులు. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం ఒక్కోటి 100 గ్రాములు, పూర్తిగా చల్లారాక జిప్ కవర్లో పోసి, దాన్ని ఇంకో జిప్ కవర్లో పెట్టండి. ఒకే కవరైతే విమానంలో గాలి ఒత్తిడి మారినప్పుడు జిప్పు విచ్చుకుని బట్టలన్నీ కారం వాసన కొడతాయి. గింజలు తీసిన చింతపండు 50 గ్రాములు, ఇంగువ చిన్న డబ్బా. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది. వేడన్నంలో కందిపొడికి నెయ్యి అక్కడి సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతుంది, లేదంటే ఉప్పులేని వెన్న కరిగించుకున్నా పనైపోతుంది.

దుబాయ్ మీదుగా వెళ్తుంటే ఒక జాగ్రత్త. మసాలాల్లో గసగసాలు వేయకండి. యూఏఈలో అవి మాదకద్రవ్యాల కింద నిషిద్ధం.

ప్రశ్న: తక్కువ బట్టలతో ప్రయత్నించాను. రోజూ ఉతికినా మూడో వారానికల్లా టీషర్టులు ముక్కవాసన వస్తున్నాయి. ఏం చేయాలి? – వరంగల్

జవాబు: మూడు కారణాలుంటాయి. పాలిస్టర్ చెమటలోని నూనెను పట్టి ఉంచుతుంది, చన్నీళ్లకు అది వదలదు. సబ్బు ఎక్కువైతే సరిగా జాడించక పోగులోనే ఉండిపోతుంది, దాని మీద జిడ్డు పేరుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆరడానికి ఎక్కువసేపు పట్టడం. ఎంతసేపు తడిగా ఉంటే సూక్ష్మజీవులకు అంత వీలు.

హోటల్ వాష్ బేసిన్లో బిరడా ఉండదు కాబట్టి దాని మీద ఆధారపడొద్దు. నీళ్లు కారని 8–10 లీటర్ల సంచి ఒకటి పెట్టుకోండి, అదే మీ బకెట్టు. రెండు టీషర్టులు, ఒక డ్రాయరు, ఒక జత సాక్సులకు నాలుగు లీటర్ల గోరువెచ్చటి నీళ్లు, చిన్న చెంచాలో సగం డిటర్జెంటు. చేయి ముంచితే కాస్త జారుడుగా అనిపిస్తే చాలు, నురగ పొంగక్కర్లేదు. అరగంట నానబెట్టండి. చంకలు, కాలరు, మడమల దగ్గర మాత్రం బట్టకు బట్ట రుద్దండి. సంచి మూతి బిగించి రెండు నిమిషాలు గిలక్కొట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి. రెండుసార్లు తప్పదు, మూడైనా తప్పు లేదు.

తర్వాతి మెట్టు చాలామంది వదిలేస్తారు. చేత్తో పిండాక పొడి తుండు మంచం మీద పరిచి, దాని మీద టీషర్టు పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, మోకాలితో గట్టిగా అదమండి. ఎంత పిండినా పోని నీళ్లు తుండులోకి వచ్చేస్తాయి, ఆరే సమయం సగానికి సగం తగ్గుతుంది. తాడు రెండు మూడు పేటలుగా పేనిన సాగే రకమైతే క్లిప్పులు అక్కర్లేదు, బట్ట అంచు పేటల మధ్య దోపొచ్చు. కిటికీ దగ్గరకన్నా ఫ్యాను కింద కట్టండి. కదిలే గాలే ఆరబెడుతుంది.

ఇంతా చేసినా కొన్నిచోట్ల ఆరవు. ఫిబ్రవరి, మార్చిల్లో హనోయ్ చుట్టుపక్కల రోజుల తరబడి సన్నటి జల్లు పడుతుంది, గోడలే చెమరుస్తాయి. అలాంటిచోట మొండిపట్టు వద్దు, కిలోల లెక్కన ఉతికి ఆరబెట్టి ఇచ్చే లాండ్రీలు వీధికొకటి ఉంటాయి, వేసేయండి. కంబోడియా సియెమ్ రీప్‌లో అయితే కిలోకు డాలరు అటూ ఇటూ. లాండ్రీకి వేసేముందు లెక్క రాసుకుని ఫోటో తీసుకోండి. మెరినో ఉన్ని ఉంటే విడిగా చెప్పండి. డ్రయ్యర్లో పడితే పిల్లల చొక్కా అయి తిరిగొస్తుంది.

ఇప్పటికే పట్టిన వాసన పోవాలంటే ఆ టీషర్టులను వేడినీళ్లలో, గుప్పెడు వంటసోడా కలిపి గంటసేపు నానబెట్టి ఉతకండి. రెండుసార్లు చేసినా పోకపోతే పారేసి అక్కడే కొత్తది కొనుక్కోవడం నయం. మళ్లీ కొనేటప్పుడు పాలిస్టరుకు బదులు 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు 150 గ్రాములు తూగే) మెరినో దొరికితే చూడండి. ఖరీదెక్కువే, కానీ మూడు రోజులు వరసగా వేసుకున్నా వాసన రాదు. నూలు టీషర్టు పాలిస్టరంత వాసన పట్టదు గానీ త్వరగా ఆరదు.

ప్రశ్న: ఒంటరిగా మూడు నెలలు వెళ్తున్నాను. శానిటరీ ప్యాడ్లే బ్యాగులో పావు వంతు ఆక్రమిస్తున్నాయి. గుళ్లూ గోపురాలూ చూసేటప్పటి బట్టలు వేరే పెట్టుకోవాలా? థాయ్‌లాండ్, కంబోడియా వెళ్లాలి. – తిరుపతి

జవాబు: మూడు నెలలకు సరిపడా ప్యాడ్లు మోయక్కర్లేదు. బ్యాంకాక్‌లో ప్రతి సందులో ఉండే సెవెన్ ఇలెవెన్ కొట్లలో, కంబోడియా పట్టణాల్లో సులువుగా దొరుకుతాయి. మొదటి నెలకు చాలినన్ని పెట్టుకోండి. మెన్‌స్ట్రువల్ కప్పు అయితే 20 గ్రాములతో పోతుంది, కానీ దాన్ని ప్రయాణంలో మొదలుపెట్టొద్దు. పెట్టడం, తీయడం చేతికి అలవాటయ్యేందుకు రెండు మూడు నెలలు పడుతుంది, అది ఇంట్లోనే జరగాలి. నెలసరికి ముందూ తర్వాతా అయిదు నిమిషాలు మరిగించాలి కాబట్టి వంటగది ఉన్న హాస్టల్లో దిగేలా చూసుకోండి, లేదంటే చిన్న స్టీలు గ్లాసు వెంట ఉంచుకుంటే కెటిల్ నీళ్లు పోసి శుభ్రం చేసుకోవచ్చు. అది మరిగించడంతో సమానం కాదు, మధ్యలో అవసరానికి మాత్రమే.

గుళ్ల కోసం విడిగా ఏమీ వద్దు. కంబోడియాలోని ఆంగ్‌కోర్ గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పాలి. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లో చేతుల్లేనివి, పొట్టివి, పల్చగా లోపలివి కనిపించేవి కుదరవు. భుజాల మీద చున్నీ కప్పుకుంటే సరిపోతుందని ధైర్యంగా వెళ్లకండి, ఆంగ్‌కోర్ వాట్ పై అంతస్తుకు ఎక్కేచోట వెనక్కి పంపుతారు. మోచేతుల దాకా చేతులున్న రేయాన్ కుర్తీలు రెండు, వదులు ప్యాంట్లు రెండు ఉంటే గుళ్లకూ, ఎండకూ, దోమలకూ అవే పనికొస్తాయి. పూర్తి చుడీదార్ సెట్టు అరకిలో తూగుతుంది, అందులో చున్నీ ఒక్కటే ఉంచుకుని తక్కినవి ఇంట్లో పెట్టేయండి.

ప్రశ్న: 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు విమానంలో ఒప్పుకుంటారా? ఎన్ని రకాల అడాప్టర్లు కావాలి? – హైదరాబాద్

జవాబు: ఒప్పుకుంటారు, కానీ చేతి సామానులోనే. చెక్-ఇన్‌లో వేస్తే బ్యాగు తెరిపిస్తారు. చూసేది వాట్-అవర్లు. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. మీది 74. 100 లోపు ఉంటే మామూలుగా అడ్డు చెప్పరు, 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. ఈ అంకె పవర్ బ్యాంకు మీద చదవగలిగేలా ఉండాలి. రాపిడికి అంకె చెరిగిపోయిన పాతది సెక్యూరిటీ దగ్గర పోగొట్టుకునే అవకాశం ఉంది. చైనాలో దేశీయ విమానాలెక్కేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: 2025 జూన్ 28 నుంచి అక్కడి ‘3సీ’ భద్రతా గుర్తు లేని పవర్ బ్యాంకులను అనుమతించడం లేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుంచి, ఎమిరేట్స్ అదే ఏడాది అక్టోబరు నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడటాన్నే ఆపేశాయి. మీరు ఉండేది ఊళ్లలో కాబట్టి 10,000ది సరిపోతుంది, అది 200 గ్రాములు, మీదైతే దాదాపు రెట్టింపు.

అడాప్టర్లు మీరనుకున్నన్ని అక్కర్లేదు. మన ఫోను చార్జర్ల రెండు గుండ్రటి పిన్నులు థాయ్‌లాండ్, వియత్నాం, కంబోడియా, ఐరోపాలో చాలాచోట్ల నేరుగా దిగుతాయి. మలేసియా, సింగపూర్, బ్రిటన్ లాంటిచోట్ల మూడు పలక పిన్నులది కావాలి. ఆ ఒక్కటీ కొనండి, 40 గ్రాములు. అన్ని దేశాలకూ ఒకటే అని అమ్మే లావుపాటిది వదులు సాకెట్లో నిలవదు, దాని బరువుకే ఊడి కిందపడుతుంది.

ప్రశ్న: వియత్నాం నుంచి వచ్చి, ఇంటికి రాకుండా అటునుంచటే నేపాల్ వెళ్లి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ చేయాలి. మంచు దుస్తులన్నీ ముందే మోసుకు తిరగాలా? – నిజామాబాద్

జవాబు: ఒక్క బూట్లు తప్ప ఏదీ వద్దు. కాఠ్మండూ థమెల్ వీధుల్లో ఈకలు కూరిన డౌన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగు, ట్రెక్కింగ్ కర్రలు రోజు లెక్కన అద్దెకిస్తారు. స్లీపింగ్ బ్యాగు మీద మూడు అంకెలుంటాయి. అద్దెకిచ్చేవాళ్లు అన్నిటికన్నా తక్కువగా ఉన్నది చూపించి ‘మైనస్ 20’ అంటారు. అది ప్రాణం నిలిచే హద్దు, హాయిగా నిద్రపట్టే హద్దు కాదు. ‘కంఫర్ట్’ అని రాసి ఉన్న అంకె చూడండి. అక్టోబరు, నవంబరుల్లో బేస్ క్యాంప్‌కు ముందు చివరి మజిలీగా 5,164 మీటర్ల ఎత్తున ఉన్న గోరక్‌షెప్‌లో రాత్రి మైనస్ 10 దాకా వెళ్తుంది కాబట్టి కంఫర్ట్ మైనస్ 5 నుంచి మైనస్ 10 మధ్య ఉంటే, దారిలో బస ఇచ్చే టీ హౌస్ వాళ్ల రజాయి కలుపుకుని సరిపోతుంది. జాకెట్ తీసుకునేటప్పుడు ఎండకేసి పట్టుకుని చూడండి, ఈకలు ఒకచోటికి ముద్దకట్టి మిగతాది పల్చగా కనిపిస్తే వేరేది అడగండి. స్లీపింగ్ బ్యాగు లోపల మీ సొంత పల్చటి సిల్కు లేదా నూలు సంచి వేసుకోవడం మంచిది, ఎందుకో అద్దె బ్యాగు వాసన చూస్తే తెలుస్తుంది.

బూట్లు మాత్రం అద్దెకు తీసుకోకూడదు. ఇంకొకరి పాదానికి అరిగిన బూటు రెండో రోజుకే బొబ్బలెక్కిస్తుంది. కొత్తవైతే కనీసం 40–50 కిలోమీటర్లు నడిచి అలవాటు చేసుకోవాలి. వియత్నాంలో కూడా అవే తొడుక్కుని తిరగండి, విమానంలో కాళ్లకే ఉంచండి. బ్యాగులో పెడితే కిలో పైన పోతుంది.

ట్రెక్ మొదలయ్యే లుక్లాకు వెళ్లే చిన్న విమానాల్లో చేతి సామానుతో కలిపి 15 కిలోలే. రద్దీ రోజుల్లో ఆ విమానాలు కాఠ్మండూ నుంచి కాక రోడ్డు మీద నాలుగైదు గంటల దూరంలోని మంథలి నుంచి ఎగురుతాయి. అక్కరలేని సామాను హోటల్లో వదిలి వెళ్లండి, మామూలుగా దాచిపెడతారు.

ప్రశ్న: మందులు బరువు తగ్గుతాయని రేకుల్లోంచి తీసి ఒక డబ్బాలో వేసుకోవచ్చా? – కాకినాడ

జవాబు: వద్దు. కస్టమ్స్ వాళ్లకు పేరులేని మాత్ర కనిపిస్తే మీరు చెప్పింది నమ్మాల్సిన పని వాళ్లకు లేదు. స్ట్రిప్పు ఉంచి, పై అట్టపెట్టె పారేయండి, బరువు ఆ అట్టలోనే ఎక్కువ. పారాసిటమాల్ ఒక స్ట్రిప్పు, సిట్రిజిన్ ఒకటి, విరేచనాలకు లోపరమైడ్ ఒకటి, లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు, బ్యాండేజీలు పది, చిన్న ట్యూబు యాంటిసెప్టిక్. ఇవి అయిపోతే ఎక్కడైనా కొనుక్కోవచ్చు. బీపీ, షుగరు లాంటి రోజూ వేసుకునేవి మాత్రం ప్రయాణానికి సరిపడా, కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాసిన డాక్టరు చీటీతో తీసుకెళ్లండి. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్, నిద్రమాత్రలు యూఏఈ, సింగపూర్‌లలో ముందస్తు అనుమతి లేకుండా పట్టుబడితే కేసు కావొచ్చు. విమానం మారడానికి మధ్యలో దిగేటప్పుడూ జాగ్రత్త. దగ్గుమందు సీసా మీద సన్నక్షరాలు చదివి గానీ బ్యాగులో వేయకండి.

ప్రశ్న: ఇక్కడి నుంచి ఐరోపా వెళ్లి అక్కడ చవక విమానాల్లో తిరగాలి. 40 లీటర్ల బ్యాగు సరిపోతుందా? – డాలస్

జవాబు: అట్లాంటిక్ దాటేదాకా సరిపోతుంది. ఆ తర్వాత కష్టం. రయన్‌ఎయిర్, విజ్ ఎయిర్‌లలో ఉచితంగా ఒప్పుకునేది 40×30×20 సెంటీమీటర్ల సంచి ఒక్కటే. ఈజీజెట్‌లో 45×36×20. అంటే 24 నుంచి 32 లీటర్లు. గేటు దగ్గర పట్టుబడితే బ్యాగుకు కట్టేది టికెట్టు ధరను దాటిపోవచ్చు. రెండు దార్లున్నాయి: టికెట్టుతోపాటే పెద్ద క్యాబిన్ బ్యాగు కొనుక్కోవడం, లేదా రైళ్లు, ఫ్లిక్స్‌బస్ లాంటి బస్సులు పట్టుకోవడం. వాటిలో ఎవరూ కాటా పట్టుకుని నిలబడరు.

ప్రశ్న: ప్రయాణం మధ్యలో బ్యాగు జిప్పు లాగుతుంటే మూసుకుంటోంది గానీ వెనకాలే విడిపోతోంది. కొత్త జిప్పు వేయించాలా? – ఒంగోలు

జవాబు: పళ్లు విరగకపోతే జిప్పు మార్చక్కర్లేదు. అరిగింది జిప్పును లాగే గుర్రం, అంటే రన్నర్. వాడగా వాడగా దాని రెండు రెక్కల మధ్య సందు పెరిగి పళ్లను దగ్గరకు నొక్కలేకపోతుంది. జిప్పును మొదటికంటా తెచ్చి, చిన్న పటకారుతో గుర్రం వెనక భాగాన్ని – మూసుకుంటూ వచ్చే వైపు – ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి కొద్దిగా నొక్కండి. ఒక్కసారే గట్టిగా నొక్కితే గుర్రం పగులుతుంది, అది పోతపోసిన పెళుసు లోహం. నొక్కి, లాగి చూసి, చాలకపోతే మళ్లీ నొక్కండి. మోటారు సైకిళ్లు బాగుచేసే ఏ కొట్టు ముందు ఆగినా పటకారు ఇస్తారు. తర్వాత పొడి సబ్బు బిళ్ల పళ్ల మీద రుద్దితే తేలిగ్గా జారుతుంది. ఇసుక చేరితే మళ్లీ అదే తంతు, కాబట్టి బీచ్‌కు వెళ్లొచ్చాక పాత టూత్‌బ్రష్‌తో జిప్పులు దులపండి.